రిపోర్టులో లేని ఆ ఒక్క వాక్యం: మెదడు కణితుల పాథాలజిస్టులకు, ఆంకాలజిస్టులకు బహిరంగ లేఖ

మెదడు కణితుల రిపోర్టులు రాసే పాథాలజిస్టులకు, వాటిని చూసి వైద్యం నిర్ణయించే న్యూరో ఆంకాలజిస్టులకు, ట్యూమర్ బోర్డుల్లో కూర్చునే అందరికీ,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి, ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎదుటివాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటాను కాబట్టి ఈ ఉత్తరంలో కూడా అక్కడక్కడ ఆ బుద్ధి బయటపడుతుంది, ఏమీ అనుకోకండి. అచ్చయిన తప్పును పట్టుకోవడం తేలిక. అచ్చు కాకుండా జారిపోయిన వాక్యాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పేజీలో లేనిదాని మీద కన్ను ఆగదు. మా అక్క బయాప్సీ రిపోర్టును నేను కనీసం ముప్పైసార్లు చదివుంటాను, కామాలతో సహా. అందులో ఒక వాక్యం లేదన్న సంగతి ఏడు నెలల దాకా నాకు తట్టలేదు.

అక్కకు 47వ ఏట, ఏ జబ్బూ లేని మనిషికి, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో కుడివైపు టెంపొరల్ లోబ్‌లో మచ్చ కనిపించింది. కాంట్రాస్ట్ ఎక్కించినా అది వెలగలేదు, అది మంచి లక్షణమే అన్నారు. సర్జరీ చేసి తీయగలిగినంత తీశారు. తర్వాత రిపోర్టు వచ్చింది, ఒకటిన్నర పేజీ. డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 2. నెక్రోసిస్ లేదు. మైక్రోవాస్కులర్ ప్రొలిఫరేషన్ లేదు. ఐడీహెచ్1 ఆర్132హెచ్ నెగెటివ్. ఏటీఆర్‌ఎక్స్ రిటెయిన్డ్. అంతే.

ఇప్పుడు ఈ రిపోర్టును మాలాంటివాళ్లు ఎలా చదువుతారో చెప్తాను, మీకు తెలియాలి. లేదు, లేదు, నెగెటివ్, రిటెయిన్డ్. అన్నీ మంచి మాటలే! జీవితమంతా నెగెటివ్ అంటే గండం గడిచిందని, రిటెయిన్డ్ అంటే ఉండాల్సింది ఉందని చదువుకున్నవాళ్లం. అక్కయితే "ఏరా, అన్నీ నెగెటివే కదా, ఇంకా ఎందుకలా మొహం వేలాడేసుకున్నావ్" అని నన్నే ఆటపట్టించింది. ఈ ఒక్క జబ్బులో అర్థాలు తిరగబడతాయని, ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండటమే కాస్త మేలని, లేకపోవడమే భయపడాల్సిన సంగతని మాకు ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు కూడా గ్రేడ్ 2 అన్న మాట దగ్గరే ఆగారు. మూడు నెలలకోసారి స్కాన్ చేస్తూ గమనిద్దాం అన్నారు. మేం స్వీట్లు పంచలేదుగానీ దాదాపు అంత పని చేశాం.

ఏడో నెలలో మచ్చ చుట్టూ ఉంగరంలా వెలిగింది. రెండో సర్జరీ ఇంకో చోట చేయించాం. అక్కడి పాథాలజిస్టు మొదట అడిగింది పాత బ్లాకు, అంటే మొదటి సర్జరీలో తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచినది. కొత్త ముక్కతోపాటు పాత మైనపు బ్లాకు నుంచి కూడా డీఎన్ఏ తీసి చూశారు. ఐడీహెచ్1, ఐడీహెచ్2 రెండింటిలోనూ ఏ మార్పూ లేదు. టెర్ట్ ప్రమోటర్‌లో, అంటే టెర్ట్ అనే జన్యువును లేపే మీటలో, సీ228టీ అనే ఒక్క అక్షరం మార్పు ఉంది. పాత ముక్కలోనే ఉంది! అంటే మేం గండం గడిచిందనుకుని రిపోర్టు మడిచి లోపల పెట్టిన రోజున కూడా ఆ అక్షరం అక్కడే ఉంది. ఎవరూ చదవలేదు, అంతే.

దాని అర్థమేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఐదో వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లలో ఐడీహెచ్, హెచ్3 మార్పులు లేని డిఫ్యూజ్ ఆస్ట్రోసైటిక్ కణితిలో టెర్ట్ ప్రమోటర్ మార్పు కనిపిస్తే, మైక్రోస్కోప్ కింద ఎంత సాధువుగా కనిపించినా దాన్ని గ్లయోబ్లాస్టోమా, అంటే అన్నిటికంటే ఉద్ధృతమైన గ్రేడ్ 4 అనే పిలవాలి. ఈజీఎఫ్‌ఆర్ జన్యువు ప్రతులు పెరిగినా అంతే, 7వ క్రోమోజోమ్ పెరిగి 10వది పోయినా అంతే. అక్క సర్జరీ ఆ పుస్తకం వచ్చాకే జరిగింది. ఆమెకు జరిగింది పొరపాటా, అలవాటా అని నేను ఇక్కడ విచారణ పెట్టబోవడం లేదు, ఆ ల్యాబు పేరు కూడా చెప్పను. నా గొడవ ఆ ఒక్క ల్యాబుతో కాదు. ఆ తర్వాత నేను ఇలాంటి కుటుంబాలవాళ్ల రిపోర్టులు చాలా చూశాను, వాళ్లే పంపించారు, "మీరు అక్షరం అక్షరం చదువుతారు కదా, చూడండి" అంటూ. కొన్నింట్లో టెర్ట్ గురించి చక్కగా రాసుంది. కొన్నింట్లో ఊసే లేదు. ఊసు లేనివాటిలో చూసి లేదన్నారా, చూడకుండా వదిలేశారా, చూడబోతే ముక్క సరిపోలేదా, ఏదీ తెలియదు. మూడూ ఒకే ఖాళీ.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలంటే టెలోమీర్ గురించి నాకు అర్థమైనంత చెప్పాలి. తప్పుంటే దిద్దండి, నాకేం నామోషీ లేదు.

పాత పుస్తకాన్ని మళ్లీ బైండింగ్‌కి ఇచ్చినప్పుడల్లా అంచులు సమం చేయడానికి కొంచెం కత్తిరిస్తారు. మార్జిన్ ఉన్నంతసేపూ ఫర్వాలేదు, కత్తి తెల్లకాగితం మీదే పడుతుంది. మార్జిన్ అయిపోయిందా, తర్వాతి బైండింగ్‌లో అక్షరాలు తెగుతాయి. క్రోమోజోముల కొసన ఉండే టెలోమీర్ అలాంటి మార్జినే. మనిషిలో అది టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల మాట, వేలసార్లు అదే మాట. కథేమీ లేదు అందులో, కత్తికి బలి కావడానికే పెట్టినది. కణం విడిపోయినప్పుడల్లా యాభై నుంచి రెండొందల అక్షరాల దాకా పోతాయి. మార్జిన్ బాగా సన్నబడగానే కణం ఇక విడిపోనని మొండికేస్తుంది. మామూలు కణాలకు ఈ పరిమితి ఉందని లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లోనే చూపించారు. ఒంట్లో ఎక్కడో ఒక కణం అదుపు తప్పినా కొన్ని పదుల విభజనల తర్వాత దానంతట అదే ఆగిపోవడానికి ప్రకృతి పెట్టిన బ్రేకుల్లో ఇదొకటి.

క్యాన్సర్ కణం ఆగకూడదంటే మార్జిన్ తిరిగి అతికించుకునే ఉపాయం కావాలి. ఒకటి, టెలోమరేజ్. 1984 క్రిస్మస్ రోజున కేరల్ గ్రైడర్ తన గురువు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ల్యాబులో టెట్రాహైమెనా అనే ఒంటికణం జీవిలో దాని జాడ చూశారు. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. టెలోమరేజ్‌లో పనిచేసే చెయ్యి టెర్ట్ అనే ప్రోటీన్. పెద్దయ్యాక మన ఒంట్లో చాలా కణాల్లో టెర్ట్ జన్యువు నిద్రపోతుంటుంది. దాన్ని లేపితే మార్జిన్ ఎంత కావాలంటే అంత.

ఆ లేపే తీరు చూసి ప్రూఫ్ రీడర్‌గా నాకు ఒళ్లు జలదరించింది. మార్పు టెర్ట్ జన్యువు లోపల ఉండదు. ప్రోటీన్ పాఠం మొదలయ్యే చోటికి 124 అక్షరాల ముందు, లేదంటే 146 అక్షరాల ముందు, సీ ఉండాల్సిన చోట టీ పడుతుంది. మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక్కటి. 228, 250 అన్న అంకెలు ఎక్కడివా అని వెతికితే అవి 5వ క్రోమోజోమ్ మీద ఆ చోటి నంబరులో చివరి మూడంకెలని తేలింది (ఇలాంటివి తెలిస్తే నాకు రోజంతా హుషారు, అప్పుడు కూడా, అలాంటి రోజుల్లో కూడా, సిగ్గుపడుతూనే చెప్తున్నా). ఆ ఒక్క అక్షరం మారేసరికి ఈటీఎస్ కుటుంబపు ప్రోటీన్లు వాలడానికి కొత్త చోటు దొరుకుతుంది, వాటిలో ముఖ్యంగా గాబ్ప్ అనేది వచ్చి వాలి జన్యువును లేపుతుందని 2015లో తేలింది. అసలు ఈ మార్పు 2013 మొదట్లో చర్మ క్యాన్సర్ మెలనోమాలో బయటపడింది. అదే ఏడాది మెదడు కణితుల్లో వెతికితే ప్రైమరీ గ్లయోబ్లాస్టోమాల్లో పదింట ఎనిమిదింట్లో ఉంది. పదిలో ఎనిమిది! ఇంత తరచుగా కనిపించే మార్పు 2013 దాకా ఎందుకు దాక్కుందంటే, అందరూ జన్యువుల లోపలి పాఠాన్నే చదువుతున్నారు కాబట్టి. అధ్యాయం పైన ఖాళీలో పడిన చుక్కను ఎవరు చూస్తారు?

ఇప్పటికీ ఇదే జరుగుతోంది. నాకు రిపోర్టు పంపిన ఒకాయన "మేం పెద్ద పరీక్షే చేయించాం, ఎక్సోమ్ మొత్తం, టెర్ట్ ఏమీ రాలేదు" అన్నారు. ఎక్సోమ్ పరీక్ష చదివేది ప్రోటీన్ తయారుచేసే భాగాలను. ప్రమోటర్ ఆ భాగాల్లోకి రాదు, విడిగా కావాలని చేరిస్తే తప్ప చాలా ప్యానెళ్లు దాని మీదుగా వెళ్లవు. పైగా ఆ ప్రాంతమంతా జీ, సీ అక్షరాలే గుంపుగా ఉండి పీసీఆర్‌కు కూడా ఒక పట్టాన లొంగదట. అంటే "టెర్ట్ రాలేదు" అనే మాటకు "టెర్ట్ ప్రమోటర్‌ను చూడలేదు" అనే అర్థం ఉండొచ్చు. ఆయనకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? నేనా?

రెండో ఉపాయం ఇంకా విచిత్రం. టెలోమరేజ్ అక్కర్లేకుండా, పక్క పుస్తకం మార్జిన్ చూసి తన మార్జిన్‌కు ఎక్కించుకోవడం. దాన్ని ఆల్ట్ అంటారు, అంటే టెలోమీర్లను పొడిగించుకునే ప్రత్యామ్నాయ దారి. 1990ల మధ్యలో రోజర్ రెడెల్ బృందం దీన్ని మనిషి కణాల్లో చూపించింది. ఏటీఆర్‌ఎక్స్ అనే ప్రోటీన్ డాక్స్ అనే తోడుతో కలిసి టెలోమీర్ల దగ్గర డీఎన్ఏ చుట్టుకునే కండెలాంటి హెచ్3.3 హిస్టోన్‌ను సర్దుతూ కొసలను క్రమశిక్షణలో ఉంచుతుంది. అది పోతే కొసలు ఒకదాన్నొకటి నకలు కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమాల్లో, పీ53 అనే కాపలా జన్యువు చెడిపోవడంతోపాటు, తరచుగా కనిపించేది ఇదే. పిల్లల్లో, కుర్రవాళ్లలో వచ్చే ఉద్ధృతమైన గ్లయోమాల్లో హెచ్3.3 మార్పులతో పాటు ఏటీఆర్‌ఎక్స్ పోవడం 2012లో బయటపడింది. పెద్దవాళ్ల గ్లయోబ్లాస్టోమా మొదటి దారి పడితే ఆ పిల్లల్లో, కుర్రవాళ్లలో చాలామంది ఈ దారి పడతారన్నమాట. ఒకే కణితిలో రెండూ కనిపించడం అరుదు. ఒక తాళం తీశాక రెండో తాళంచెవితో పనేముంది.

రెండో చోట పాథాలజిస్టు నాకు ఇది చూపించారు. రెండు తలల మైక్రోస్కోప్, ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను. ముందు ఎవరిదో పేరు కప్పేసిన స్లైడ్ పెట్టారు. ఏటీఆర్‌ఎక్స్ రంగు. మధ్యలో సన్నటి రక్తనాళం, దాని గోడలో కేంద్రకాలు చక్కటి గోధుమరంగులో వరసగా ఉన్నాయి. చుట్టూ కణితి కణాలు మాత్రం లేతనీలంగా, వెలిసిపోయినట్టు. "నాళం గోడలో గోధుమరంగు వచ్చింది కాబట్టి రంగు సరిగ్గా పట్టినట్టు. కణితి కణాలకు పట్టలేదంటే వాటిలో ఆ ప్రోటీన్ లేదు. ఈ కణితి ఆల్ట్ దారిలో వెళ్లింది" అన్నారు. తర్వాత అక్క స్లైడ్. అన్నీ గోధుమరంగే, నాళాలు, కణితి, తేడా లేకుండా. రిటెయిన్డ్ అంటే ఇదా అన్నాను. ఇదే అన్నారు. "దీన్ని చూసి మేం సంతోషించాం మేడమ్" అంటే ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. కంటికటకం లోంచి తల ఎత్తకుండానే "ఈ తలుపు మూసి ఉందంటే ఇంకో తలుపు చూడాలి. అది రంగుతో కనపడదు, సీక్వెన్సింగ్ చేస్తేనే" అన్నారు.

ఆవిడ చెప్పిన ఆ ముక్కే నేను మీ అందరి రిపోర్టుల్లో అడుగుతున్నాను. ఏటీఆర్‌ఎక్స్ నిలిచి ఉంది అని రాసి చుక్క పెట్టేయకండి. ఆ చుక్క దగ్గర మాలాంటివాళ్లం ఆగిపోతాం, ఒక్కోసారి డాక్టర్లూ ఆగిపోతున్నారు. పెద్దవాళ్లలో డిఫ్యూజ్ గ్లయోమా ఏదైనా సరే, ఈ కణితి టెలోమీర్లను ఏ దారిలో నిలుపుకుంటోందో ఒక వాక్యం ఉండాలి. టెర్ట్ ప్రమోటర్ చూశాం, ఫలానా మార్పు ఉంది. చూశాం, లేదు. చూడలేదు, కారణమిది. ఈ మూడింట్లో ఏదో ఒకటి. "చూడలేదు" అని రాయడానికి మొహమాటం దేనికి? మొహమాటపడి ఖాళీ వదిలితే ఆ ఖాళీని మేం "లేదు" అని చదువుకుంటాం.

"చూశాం, లేదు" అన్నప్పుడు కూడా ఇంకొక్క మాట కలపమని అడుగుతాను. ఆ ముక్కలో కణితి కణాలు ఎంత శాతం ఉన్నాయో రాయండి. మెదడులోకి పాకిపోయే కణితి అంచున తీసిన ముక్కలో మామూలు కణాలే ఎక్కువుంటాయి, అలాంటి ముక్కలో మార్పు దొరక్కపోతే అది కణితి తప్పు కాదు, ముక్క తప్పు. టెర్ట్ ప్రమోటర్ మార్పూ లేక, ఏటీఆర్‌ఎక్స్ కూడా పోనివి కొన్ని ఉంటాయి, వాటిలో స్మార్కాల్1 అనే ఇంకో జన్యువు చెడిపోయి ఆల్ట్ దారి పట్టినవీ, టెర్ట్ జన్యువే చోటు మారి మేలుకున్నవీ 2018లో కనిపించాయి. లేదు అంటే మేం వెతికిన చోట లేదు అనే కదా. ఆ మాటే రాయండి.

టెర్ట్ మార్పు ఉందని ఒంటరిగా రాసినా ప్రమాదమే. నాకు రిపోర్టు పంపిన వాళ్లలో ఒకమ్మాయి, వాళ్ల నాన్నకు ఆలిగోడెండ్రోగ్లయోమా అనే ఇంకో రకం మెదడు కణితి, టెర్ట్ మార్పు ఉందని చూసి ఎక్కడో చదివి గ్లయోబ్లాస్టోమా అనుకుని రెండు రోజులు అన్నం తినలేదు. ఐడీహెచ్ మార్పు ఉండి, 1, 19 క్రోమోజోముల్లో 1పీ, 19క్యూ అనే చేతులు రెండూ పోయిన ఆ కణితిలో టెర్ట్ మార్పు దాదాపు ఎప్పుడూ ఉండేదే, అది ఎన్నో ఏళ్లు నెమ్మదిగా నడిచే జబ్బు. అక్క రిపోర్టులో ఆ అక్షరం ఉరి, ఆయన రిపోర్టులో అదే అక్షరం ఊరట. పక్కనున్న మాటలతో కలిపి చదివితే తప్ప దానికి అర్థం లేదు. మెదడు పొరల్లో వచ్చే కణితి మెనింజియోమాలో మళ్లీ ఇంకో అర్థం, అక్కడ అది ఉంటే 2021 వర్గీకరణలో నేరుగా గ్రేడ్ 3. కాబట్టి ఫలితం కింద ఒక్క వాక్యం, మామూలు మనుషుల భాషలో, "ఈ కణితిలో దీనర్థం ఇది" అని. మీ సమయం ఎంత విలువైందో తెలుసు, కానీ ఆ వాక్యం లేకపోతే దాన్ని ఇంటర్నెట్ రాస్తుంది, మీకంటే చాలా నమ్మకంగా రాస్తుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి రోజే ఆ అక్షరం చదివుంటే అక్క బతికేదా? బతికేది కాదు, నాకు తెలుసు. గ్లయోబ్లాస్టోమాకు ఇప్పటికీ పునాదిగా ఉన్న వైద్యం 2005లో తేలినదే, రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్. ఆ ట్రయల్‌లో సగటు రోగి ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది, రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతం అయ్యారు. ఇదీ మనకున్నది. టెర్ట్ ఒక్కటే ఉండి మైక్రోస్కోప్ కింద నెమ్మదిగా కనిపించే కణితులన్నీ నిజంగా అంత వేగంగా పరిగెడతాయా అని మీలో మీకే వాదన ఉందనీ చదివాను, వాదించుకోండి, అది మీ పని. కానీ ఆ ఏడు నెలలు అక్కవి. ఆ నెలల్లో ఆమె వైద్యమన్నా మొదలుపెట్టేది, లేదా వద్దని చెప్పి కూతురితో గడిపేది. మరుసటేడాది చేద్దాంలే అని వాయిదా వేసిన పనులు రెండున్నాయి, అవేమిటో ఇక్కడ రాయను. తనకున్నది ఏ జబ్బో తెలియకుండా ఆ మనిషి తన కాలాన్ని ఖర్చుపెట్టింది. రెండో సర్జరీ తర్వాత పది నెలలు ఉంది.

పరిశోధనలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు కూడా ఒక మాట. పదింట ఎనిమిది కణితులు ఒకే తాళంచెవి వాడుతుంటే ఆ చెవి విరిచే మందు ఎందుకు లేదని నేను అమాయకంగా అడిగాను, జవాబు విన్నాక నోరు మూసుకున్నాను. టెలోమరేజ్‌ను ఇవాళ ఆపినా కణితి ఇవాళ ఆగదు, ఉన్న మార్జిన్ అరిగేదాకా విడిపోతూనే ఉంటుంది, ఈ జబ్బు అంత టైమ్ ఇవ్వదు. పైగా రక్తం తయారుచేసే మూలకణాలకు కూడా టెలోమరేజ్ కావాలి. ఇమెటెల్‌స్టాట్ అనే మందును మెదడు కణితులు తిరగబెట్టిన పిల్లలకు ఇచ్చి చూసిన ట్రయల్‌లో ప్లేట్‌లెట్లు పడిపోయి, మెదడులో రక్తస్రావంతో ఇద్దరు పిల్లలు చనిపోయారు, దాన్ని ముందే ఆపేశారు. అదే మందుకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ ఒక రకం రక్తజబ్బుకు, మెదడుకు కాదు. మార్పు పడిన ప్రమోటర్‌కు మాత్రమే గాబ్ప్ అవసరం కాబట్టి ఆ గాబ్ప్‌లో ఒక భాగాన్ని అడ్డుకుంటే మామూలు కణాలను వదిలేసి కణితినే పట్టుకోవచ్చని 2018లో ఒక ఆశ చూపించారు. ఆల్ట్ వైపు అయితే ఒక మందుల రకం పనిచేస్తుందని 2015లో గట్టిగా అన్నారు, తర్వాత వేరేవాళ్లు చేస్తే అంత తేడా కనపడలేదు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేనడిగేది చిన్నది: ఏ మందు ట్రయల్ అయినా సరే, చేరిన ప్రతి రోగి కణితి ఏ దారిదో, టెర్టా, ఆల్టా, రాసిపెట్టుకోండి. రెండు దారుల వాళ్లను ఒకే కుప్పలో పోసి మందు పనిచేయలేదని తేల్చేస్తే, రేపు ఎవరైనా విడదీసి చూద్దామన్నా చూడటానికి ఏమీ మిగలదు. మేం బ్లాకులు ఇస్తాం, అడగండి. అడిగితే కాదనే కుటుంబం నాకింతవరకు తగల్లేదు.

ఇంకొకటి, ఇది కాస్త పక్కదారి, అయినా చెప్పాలి. అక్క మంచంలో ఉండగా చుట్టం ఒకాయన టెలోమీర్లు పెంచే మాత్రల సీసా పట్టుకొచ్చాడు, వయసు తగ్గిస్తుందట, కణాలకు బలమట. ఆయన ప్రేమను తప్పుపట్టను. కానీ ఏ జబ్బు మనిషికి ఏది తెచ్చాడో చూడండి! మార్జిన్ తరగకుండా చేసుకోవడమే ఆ కణితి చేసిన నేరం. పుట్టుకతోనే టెలోమీర్లు కాస్త పొడుగ్గా ఉండే జన్యు రకాలు ఉన్నవాళ్లకు, టెర్ట్, టెర్క్, ఆర్‌టెల్1 జన్యువుల దగ్గర, గ్లయోమా ముప్పు కాస్త ఎక్కువని తేలింది. టెలోమీర్లకు కాపలా ఉండే పాట్1 జన్యువు చెడిపోయిన కొన్ని కుటుంబాల్లో గ్లయోమా తరాలుగా వస్తోంది. ఆ సీసాలో మందు నిజంగా పనిచేస్తుందని నేననుకోను, పనిచేయకపోవడమే దాని పుణ్యం. కానీ పొడుగు టెలోమీర్ అంటే పొడుగు ఆయుష్షు అని జనం బుర్రలో పడిపోయింది, దాన్ని తీయగలిగేది మీరు. ఓపీలో రోగి పక్కన అలాంటి సీసా కనిపిస్తే నవ్వి ఊరుకోకండి, రెండు నిమిషాలు చెప్పండి.

బ్లాకు సంగతి చెప్పి ముగిస్తాను. అక్కది మొదటి బ్లాకు ఇంకా ఉంది. వేలి గోరంత కణజాలం, తెల్లటి మైనంలో, ప్లాస్టిక్ క్యాసెట్ మీద పెన్సిల్‌తో రాసిన నంబరు. మళ్లీ పరీక్షించొచ్చని, అడిగితే ఇస్తారని చాలా కుటుంబాలకు తెలియదు, మాకూ తెలియదు, రెండో చోట అడిగేదాకా. రిపోర్టు అడుగున ఆ మాట కూడా అచ్చువేయండి. ఈ ఉత్తరం చదివి మీలో ఎవరైనా మీ రిపోర్టు నమూనాలో టెలోమీర్ వాక్యం చేర్చాలనుకుంటే, కింద రాసే మామూలు భాష వాక్యం ఎలా ఉండాలో తేల్చుకోలేకపోతే, నాకు పంపండి. వైద్యం మీరు చూసుకోండి. అక్షరాలు నేను దిద్దిపెడతాను, ఊరికే.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే ఒక తమ్ముడు